సబ్సిడీ పైపుకా, నీళ్ళకా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పైన ఒకే విషయం మీద ఉన్నాయి. ఉద్యోగం బెంగళూరులో, పొలం ఊళ్ళో, అక్కడ అమ్మానాన్నలో కౌలుదారో సేద్యం చేస్తుంటారు. నీళ్ళు పొదుపు చేస్తే, మట్టిని కాపాడితే ప్రభుత్వం డబ్బిస్తుందంటున్నారు, నిజమేనా, తీసుకోవచ్చా అని. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మాది కదిరి దగ్గర పల్లె. నేను మారతహళ్ళిలో ఉంటాను. ఊళ్ళో నాలుగెకరాలు, ఒక బోరు, రెండించుల నీళ్ళు. నాయన ఎకరంన్నర టమాటా పెడతాడు, మిగతాది వాన పడితే చెనిక్కాయ. డ్రిప్పు డీలరు వచ్చి 90 శాతం సబ్సిడీ ఉంది, మీరు పది శాతం కడితే చాలు అంటున్నాడు. నాయన ఏమో డ్రిప్పు పెడితే నీళ్ళు మిగులుతాయి కదా, నాలుగెకరాలూ టమాటానే పెడదాం అంటున్నాడు. నేను డబ్బు పంపాలా వద్దా?

జవాబు: పంపు తమ్ముడూ. రెండించుల బోరు మీద కాలవలు పారించి టమాటా పండించడం ఈ రోజుల్లో కుదిరే పని కాదు. కేంద్రం సూక్ష్మసేద్యానికి, అంటే డ్రిప్పు, స్ప్రింక్లర్లకి, సన్న, చిన్నకారు రైతులకి 55 శాతం, మిగతావాళ్ళకి 45 శాతం ఇస్తుంది, ఐదు హెక్టార్ల దాకా. ఆంధ్రలో రాష్ట్ర ప్రభుత్వం దానికి తన డబ్బు కలిపి చిన్న రైతుకి ఐదెకరాల వరకు 90 శాతం చేసింది. అయితే ఈ శాతాన్ని డీలరు రాసిచ్చిన కొటేషన్ మీద లెక్క కట్టరు, ప్రభుత్వం నిర్ణయించిన ధర మీద కడతారు, కాబట్టి పది శాతమే అని మొదలుపెట్టి చివర్లో ఆ పైపు వేరు, ఈ వాల్వు వేరు అని కలుపుతూ పోతే మీ వాటా ఎంతకి తేలుతుందో చెప్పలేం. ముందు రైతు సేవా కేంద్రంలో ఆధార్, పాసుబుక్కు, 1బి (భూమి రికార్డు కాగితం) ఇచ్చి దరఖాస్తు పెట్టండి, పొలం కొలిచాక వచ్చే అంచనా కాగితం చూసుకుని అప్పుడు డబ్బు కట్టండి. కేంద్రం నిబంధనల ప్రకారం ఒకసారి సబ్సిడీ తీసుకున్న నేలకి మళ్ళీ ఏడేళ్ళ దాకా రాదు. నాసిరకం పైపులకి ఒప్పుకుంటే ఏడేళ్ళూ వాటితోనే నెట్టుకురావాలి.

ఇక నాయన అన్న రెండో మాట. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మా ఇంట్లో జరిగింది ఇదే.

మాది మదనపల్లె దగ్గర. మా నాన్నకి ఎకరంన్నర టమాటా, ఒక బోరు. డ్రిప్పు వచ్చిన ఏడాది ఇంట్లో పండగలాగే ఉండింది. సాళ్ళకి నీళ్ళు తిప్పే పని పోయింది, అర్ధరాత్రి కరెంటొస్తే టార్చిలైటు పట్టుకుని పాముల్లో పడి వెళ్ళే పని పోయింది, అంతకుముందు ఐదు గంటలు పారిస్తే తడిసే తోట రెండు గంటల్లో తడిసేది. మిగిలిన మూడు గంటలు చూసి నాన్న ఊరుకోలేకపోయాడు. మరుసటేడు ఇంకో ఎకరం, ఆ మరుసటేడు పక్కవాళ్ళది గుత్తకి ఎకరంన్నర. మూడో ఎండాకాలం, ఏప్రిల్లో, ఒక పొద్దున మోటారు వేస్తే ముందు కాసిన్ని నీళ్ళు, తర్వాత బురద, తర్వాత ఉత్త గాలి. తోటంతా పూత మీద ఉంది. రెండు బోర్లు వేయించాం, రెండోది తొమ్మిది వందల అడుగులు పోయింది, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. బోరుబండివాళ్ళు రాడ్లు పైకి తీస్తుంటే నాన్న ఆ తెల్లటి రాతిపొడి కుప్ప పక్కన కూర్చుని పిడికిట్లోకి తీసుకుని నలిపి చూస్తున్నాడు, ఎక్కడైనా తడి తగులుతుందేమోనని. పైపులు మాత్రం బాగానే ఉన్నాయి. సబ్సిడీ కాగితంలో సర్వే నెంబరు ఉంది, ఎన్ని మీటర్ల పైపు వేశారో ఉంది, ఫోటో ఉంది, కింద నీళ్ళు ఎంత ఉన్నాయి, రెండేళ్ళ తర్వాత ఎంత ఉన్నాయి అని అడిగే గడి ఒక్కటీ లేదు.

ఎందుకిలా అవుతుందో నాయనకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఇలా చెప్పు. కాలవ పారించినప్పుడు ఎక్కువైన నీళ్ళల్లో కొంత ఎండకి పోయినా కొంత మళ్ళీ భూమిలోకే దిగుతుంది, మన బోరులోనో పక్కోళ్ళ బావిలోనో తేలుతుంది. డ్రిప్పులో దాదాపు అంతా మొక్కే తాగేస్తుంది, కిందికి దిగేది చాలా తక్కువ. ఉన్న ఎకరంన్నరకే పెట్టి, మిగిలిన గంటలు మోటారు ఆపేస్తే అది పొదుపు. ఆ గంటలతో ఇంకో రెండెకరాలు తడిపితే భూమిలోంచి బయటికి పోయే నీళ్ళు అంతకుముందుకన్నా పెరుగుతాయి. ఇది మన ఒక్కరి అనుభవం కాదు. అమెరికాలో కాన్సాస్ రైతులకి నీళ్ళు ఆదా చేసే స్ప్రింక్లర్ల కోసం అక్కడి ప్రభుత్వం సాయం చేసింది, అదంతా ఓగలాలా అనే పెద్ద భూగర్భ జలాశయం మీద సాగే సేద్యం. 2014లో అచ్చయిన ఒక అధ్యయనంలో తేలిందేమిటంటే తోడే నీళ్ళు తగ్గకపోగా పెరిగాయి, ఎక్కువ నీళ్ళు అడిగే పంటలకి రైతులు మారారు. మన దగ్గర వ్యవసాయ కరెంటు పగలు తొమ్మిది గంటలు ఉచితం, మోటారు ఆపమని గుర్తుచేసే బిల్లు కూడా రాదు. 2024 మార్చిలో బెంగళూరులో బోర్లు ఎండి ట్యాంకరు కోసం అపార్ట్‌మెంట్లలో ఎంత టెన్షన్ పడ్డామో నీకూ గుర్తుండే ఉంటుంది, ఊళ్ళో నాయనకి ఎండిన బోరు బదులు ఏ ట్యాంకరూ రాదు.

ఫోన్లో వద్దంటే ఏ నాయనా వినడు. లెక్క చూపిస్తే వింటారు. 2000 తర్వాత ఆంధ్రలో ఏడు కరువు జిల్లాల్లో, అనంతపురం, చిత్తూరు కూడా వాటిలో ఉన్నాయి, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో ఒక కార్యక్రమం కొన్నేళ్ళు నడిచింది. రైతులే వాన కొలిచేవాళ్ళు, బావుల్లో నీటిమట్టం కొలిచేవాళ్ళు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీళ్ళెన్ని, ఏ పంటకెన్ని పడతాయి అని లెక్క వేసుకునేవాళ్ళు. పంట మార్చమని ఎవరూ బలవంతం చేయలేదు, మారిస్తే డబ్బిస్తామనీ అనలేదు, లెక్క కళ్ళ ముందు కనిపించేసరికి చాలామంది వాళ్ళంతట వాళ్ళే వరి తగ్గించుకున్నారు. నువ్వు కూడా నాయనతో ఒక పని చేయించు. నెలకోసారి, అమావాస్య నాడనుకో, బోరు తెగకుండా ఎన్ని గంటలు పోస్తోందో చూసి గోడ క్యాలెండరు మీద రాయమను. సంక్రాంతికీ ఉగాదికీ మధ్య ఆ గంటలు ఎంత పడిపోతున్నాయో చూశాక ఎన్ని ఎకరాలు పెట్టాలో ఆయనే చెబుతాడు.

ఫిల్టరు సంగతి కూడా మర్చిపోవద్దు. మా పొలంలో బిగించిన కంపెనీవాళ్ళు దాన్ని కడగాలని ఒక్కసారీ చెప్పలేదు, తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాలుగు లీటర్ల డ్రిప్పరు అంటే గంటకి నాలుగు లీటర్లు, అంటే దాని కింద లీటరు బాటిల్ పెడితే పావుగంటలో నిండాలి. సాలు మొదట్లో ఒకటి, చివర ఒకటి పెట్టి చూడండి. చివరిదానికి అరగంట పట్టిందంటే లోపల ఉప్పో పాచో పేరుకుందన్నమాట. పైపు చివరి మూత విప్పి వదిలితే ముందు ఇటుకరంగు జిగురు ముద్దలు ముద్దలుగా వస్తుంది, తర్వాత నీళ్ళు తేటపడతాయి. పదిహేను రోజులకోసారి ఈ పని చేసుకుంటే చివరి సాళ్ళు వాడిపోయే బాధ ఉండదు.

ప్రశ్న: ఒకాయన పదివేలిస్తే సబ్సిడీ ఫైలు కదిలిస్తానంటున్నాడు, ఇవ్వమంటారా? (హొసకోటె నుంచి)

జవాబు: ఇవ్వొద్దండి. దరఖాస్తుకి అంత ఖర్చు ఉండదు, కట్టాల్సిందల్లా రైతు వాటా, దానికి రసీదు వస్తుంది. రసీదు ఇవ్వలేని డబ్బు ఎవరడిగినా ఆలస్యమైనా పర్వాలేదని చెప్పి మీరే ఒకరోజు సెలవు పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళండి, దరఖాస్తు నెంబరు అడిగి రాసుకోండి.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అన్నయ్య అమెరికాలో అయోవాలో ఉంటాడు. అక్కడ పొలం దున్నకుండా గడ్డి వేసి వదిలేస్తే గవర్నమెంటు ఏటా అద్దె కడుతుందట. మాకు పెనుకొండ దగ్గర మూడెకరాలు ఎన్నో ఏళ్ళుగా బీడే. మరి మాకెందుకు ఇవ్వరు? (సర్జాపుర రోడ్డు నుంచి)

జవాబు: మీ అన్నయ్య చెప్పింది నిజమేనమ్మా, కాకపోతే వదిలేస్తే ఇచ్చే డబ్బు కాదది. అక్కడ 1985 నాటి చట్టంతో మొదలైన పథకం. మట్టి కొట్టుకుపోయే నేలలు, వాగుల పక్క నేలలు ఉన్న రైతు పది నుంచి పదిహేనేళ్ళకి ప్రభుత్వంతో ఒప్పందం రాసుకోవాలి, చెప్పిన రకం గడ్డో చెట్లో తనే వేయాలి, కలుపు చూసుకోవాలి, ఒప్పందం మధ్యలో దున్నితే తీసుకున్న డబ్బు వెనక్కి కట్టాలి. ఇంత దూరం ఎందుకొచ్చారంటే 1930ల్లో వాళ్ళు పడ్డ కష్టం అలాంటిది. మధ్య మైదానాల్లో గడ్డినేలంతా దున్నేసి గోధుమ వేశారు, కరువొచ్చింది, పట్టి ఉంచే వేళ్ళు లేక పైమట్టి లేచిపోయి ఆకాశం నల్లబడేది, ఇళ్ళల్లో అన్నం గిన్నెల మీద కూడా దుమ్ము పేరుకునేది, లక్షల మంది ఊళ్ళు వదిలి పోయారు. హ్యూ హామండ్ బెన్నెట్ అనే మట్టి శాస్త్రవేత్త పట్టుబట్టి అక్కడి చట్టసభ చేత 1935లో నేల సంరక్షణకి చట్టం చేయించాడు. రైతుకి మట్టి కాపాడినందుకు డబ్బివ్వడమన్న ఆలోచన అక్కడ బలపడింది ఆ దుమ్ములోంచే.

అయినా అక్కడా అది నిలకడగా లేదు. 2007లో 3 కోట్ల 60 లక్షల ఎకరాలకి పైగా ఆ పథకంలో ఉండేది, తర్వాత మొక్కజొన్న, సోయా ధరలు ఎగబాకేసరికి ఒప్పందం ముగిసినవాళ్ళు చాలామంది మళ్ళీ నాగలి పెట్టారు, పదేళ్ళలో అది రెండున్నర కోట్ల లోపుకి పడిపోయింది. అద్దె డబ్బు ఆగిన రోజునే గడ్డి కూడా పోయిందంటే నాకు బాధగానే ఉంటుంది, పదేళ్ళు ఊరిన మట్టి ఒక్క సీజన్లో తిరగబడిపోతుంది.

మనకెందుకు ఇవ్వరంటే, వాళ్ళ సగటు కమతం 463 ఎకరాలు, మనది 2015-16 లెక్కల ప్రకారం 1.08 హెక్టార్లు, అంటే రెండున్నర ఎకరాల కంటే కాస్త ఎక్కువ. వాళ్ళు ఓ మూల వంద ఎకరాలు గడ్డికి వదిలినా ఇల్లు గడుస్తుంది, మన రైతుకి వదలడానికి మూల ఎక్కడుంది. అయితే చేయనందుకు డబ్బివ్వడం మన దేశంలో అసలు లేదనుకోకండి. హర్యానాలో 2020లో వరి మానేసి వేరే పంట వేస్తే ఎకరాకి 7,000 రూపాయలు ఇచ్చారు. పంజాబ్‌లో 2018లో ఇంకో పద్ధతి పెట్టారు, మోటారుకి ఇంత కరెంటు అని లెక్కకట్టి, అందులో వాడకుండా మిగిల్చిన ప్రతి యూనిట్‌కీ రైతుకి 4 రూపాయలు ఇచ్చారు. నాకు ఈ పంజాబ్ పద్ధతి చాలా నచ్చింది, ఎందుకంటే ఇక్కడ డబ్బు పైపుకి కాదు, తోడకుండా ఉంచిన నీళ్ళకి. రాయలసీమలో బోర్ల మీద ఇలాంటిది పెట్టాలని నేను ఎప్పటినుంచో అడుగుతున్నాను, కనిపించిన ప్రతి అధికారినీ అడుగుతాను.

మీ మూడెకరాల సంగతికొస్తే, ఊరికే పడి ఉన్న బీడుకి డబ్బిచ్చే పథకం మన దగ్గర లేదు. కానీ ఆ బీడులో గొర్రెలు మేపుకునేవాళ్ళు ఉంటే వాళ్ళని వెళ్ళగొట్టకండి, కంచె వేసే ముందు వాళ్ళతో మాట్లాడండి. వాలుకి అడ్డంగా కందకాలు తీయించి గట్ల మీద వేప, కానుగ, సీతాఫలం వేయిస్తే మీ నేలే కాదు, దిగువనున్న వాళ్ళ బోర్లు కూడా కాస్త కోలుకుంటాయి. పండ్ల మొక్కలు పెట్టాలనుంటే ఉద్యానశాఖలో సాయం ఏముందో అడగండి.

ప్రశ్న: మాది ముళబాగిలు తాలూకా, ఇంట్లో తెలుగే, కాగితాలన్నీ కన్నడలో. రెండెకరాల పది గుంటల నేల ఉంది. కృషి హొండ (పొలంలో నీటి కుంట) తవ్వించి, కింద ప్లాస్టిక్ పరిచి, బోరు నీళ్ళు అందులో నింపుకుని వాడుకుందామని మా తమ్ముడు అంటున్నాడు. మంచి ఆలోచనేనా? (కె.ఆర్.పురం నుంచి)

జవాబు: హొండ మంచిది, అందులో బోరు నీళ్ళు నింపడం మాత్రం నేను ఒప్పుకోను. కర్ణాటకలో 2014లో మొదలైన కృషి భాగ్య పథకం కింద ఈ కుంటలకి సాయం ఇస్తున్నది వాన నీళ్ళు పట్టుకోవడానికి. వాన మీదే ఆధారపడ్డ చేనుకి ఆగస్టులో నెల రోజులు మబ్బు ముఖం చాటేస్తుంది చూడండి, అప్పుడు ఒక్క తడి ఇచ్చి పంట బతికించుకోవడానికి. ఆరొందల అడుగుల నుంచి కరెంటు పెట్టి తోడిన నీళ్ళని తెచ్చి కోలారు ఎండకి పెడితే అవి ఎవరికీ కాకుండా ఆవిరైపోతాయి. భూమి లోపల ఉన్నంత భద్రంగా అవి ఇంకెక్కడా ఉండవు.

కుంట పొలంలో పల్లంగా ఉన్న చోట, వాన నీళ్ళు సహజంగా వచ్చి చేరే మూల తవ్వించండి, నీళ్ళు దిగే ముందు మట్టి పేరుకోవడానికి చిన్న గుంత ఒకటి వదలండి, లేకపోతే రెండేళ్ళలో పూడిపోతుంది. కంచె తప్పనిసరిగా వేయించండి. ప్లాస్టిక్ పరిచిన కుంటలో కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు, ఈతొచ్చిన మనిషి కూడా పైకి రాలేడు, పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. ట్యూబు కట్టిన తాడు ఒకటి గట్టు మీద గుంజకి కట్టి ఎప్పుడూ నీళ్ళల్లోకి వేలాడేలా ఉంచండి.

కాగితాలకి భయపడకండి. పహాణీ (భూమి రికార్డు), ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకుని రైత సంపర్క కేంద్రానికి వెళ్తే ఫ్రూట్స్‌ అనే ప్రభుత్వ రైతుల జాబితాలో నమోదు చేసి ఎఫ్‌ఐడీ అనే రైతు గుర్తింపు నెంబరు ఇస్తారు, అది లేకుండా ఏ పథకమూ కదలదు. డ్రిప్పుకి కూడా అదే నెంబరు, దానికి అక్కడా సబ్సిడీ ఉంది. ఒక మాట కూడా గుర్తుపెట్టుకోండి. 2018 నుంచి బెంగళూరు వాడిపారేసిన నీళ్ళని శుద్ధి చేసి కోలారు చెరువులకి పంపుతున్నారు, చెరువులు నిండి చుట్టుపక్కల బోర్లలోకి ఊరాలని. కె.ఆర్.పురంలో మీ ఇంట్లోంచి పోయే నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో, వాటిలో ఏమేం కలిపి వదులుతున్నారో ఒకసారి ఆలోచించండి, మీ జిల్లా చెరువుల్లోకే చేరుతుండొచ్చు.

ప్రశ్న: మేము జయనగర్‌లో స్థిరపడి ఇరవై ఏళ్ళు. ఊళ్ళో మూడెకరాలు ఒకతనికి కౌలుకి ఇచ్చాం, ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాడు. దీనికి ఇప్పుడు కేంద్రం డబ్బిస్తోందని విన్నాం. పాసుబుక్కు మా పేరున ఉంది కాబట్టి మాకే రావాలి కదా? అతనికి కౌలు కార్డు ఇప్పిస్తే తర్వాత భూమి మీద హక్కు అడుగుతాడేమోనని మా వారి భయం.

జవాబు: అమ్మా, కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన ప్రకృతి వ్యవసాయ మిషన్‌లో రైతుకి ఎకరాకి ఏడాదికి 4,000 రూపాయలు, రెండేళ్ళు, అదీ ఒక ఎకరానికే. ఈ నాలుగు వేలు భూమి ఉన్నందుకు కాదు, పని చేసినందుకు. ఆ పని ఏమిటో దగ్గరుండి చూస్తే మీరు ఈ ప్రశ్న అడగరు. ఎరువుగా పోసే ద్రవజీవామృతం కలపాలంటే పది కిలోల ఆవుపేడ, పంచితం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు, రెండొందల లీటర్ల డ్రమ్ములో వేసి పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పాలి, ఇది ఎకరానికి ఒక్క విడతకి. ఎండాకాలంలోనే నవధాన్యాలు చల్లి నేలని ఆకులతో కప్పి ఉంచాలి. పక్క పొలంవాడు యూరియా చల్లి వారంలో పచ్చగా చూపిస్తుంటే తన చేను పాలిపోయినా ఓర్చుకోవాలి. ఆంధ్రలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఈ సేద్యం నేర్పుతోంది, ఇందులో నిలబడ్డవాళ్ళు ఆ మొదటి రెండు మూడేళ్ళ ఓర్పు గురించే ఎక్కువ చెబుతారు. ఆ ఓర్పు పట్టింది అతను. డబ్బు ఎవరి ఖాతాలో పడినా అతనికి చేరాలి.

మీ వారి భయం అర్థమవుతుంది, చాలా ఇళ్ళల్లో ఉన్నదే. 2019లో ఆంధ్రలో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టంలో కార్డు పదకొండు నెలలకే, అది పంట మీద హక్కే తప్ప భూమి మీద హక్కు కాదు, ఆ మాట చట్టంలోనే ఉంది. మీరు సంతకం పెట్టకపోతే అతనికి పంట రుణం రాదు, పంట పోతే పరిహారం మీకు వస్తుంది, నష్టం అతనికి మిగులుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. ఏటా కౌలుదారుని మారుస్తుంటే ఎవరూ మీ నేలకి ఎరువు వేయరు, వచ్చే ఏడు నాది కాని మట్టికి నేనెందుకు పెట్టాలి అనుకుంటారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. కార్డు ఏటేటా కొత్తది తీసుకోవాల్సిందే అయినా, మూడేళ్ళు నువ్వే చేసుకో అని మాటిచ్చి, ఆ మాట మీద నిలబడండి.

ఈసారి ఊరెళ్ళినప్పుడు అతనితో కూర్చుని మాట్లాడేటప్పుడు అతని భార్యని కూడా పిలవండి. పేడ ఎత్తేది, ఆ డ్రమ్ము తిప్పేది చాలా ఇళ్ళల్లో ఆమే.